ఫింటాస్‌లో కట్టిన లండన్ గది

మేం చేసే పని

ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు రాజంపేటలో మా ఇంటికి వస్తుంటారు. మర్యాదగా కాఫీ తాగుతారు, మర్యాదగా నా పాత డ్రాయింగులు చూస్తారు, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడుగుతారు. ఏదో ఒకటి నేర్చుకోండి నాయనా అంటాను. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అన్నట్టు మొహాలు పెడతారు. నోటితో చెబితే వాళ్లకి ఆనడం లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. నాకు వచ్చిన ఇంక్రిమెంట్లూ, నేను మారిన ఆఫీసులూ ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. కువైట్ నుంచి తిరిగొచ్చాక రిటైరయ్యేదాకా వకీళ్ల కోసం నేరం జరిగిన చోట్ల ప్లాన్లు గీశాను. హత్య జరిగిన గది, కాలిపోయిన కొట్టు, బస్సు బోల్తా పడిన మలుపు, ఇలాంటివన్నీ. జడ్జిగారు ఆ గదికి వెళ్లరు కదా, ఆయన ముందుకు మా ప్లానే వెళుతుంది. ఉన్న గదిని టేపు పెట్టి కొలిచి గీయడం పెద్ద విద్య కాదు, డిప్లొమా చదివిన ఎవరైనా చేస్తారు. చాలాసార్లు మనం చేరేసరికి గది ఉండదు. కాలిపోయో, కూలగొట్టో, సున్నం కొట్టి సామాన్లు మార్చేసో ఉంటుంది. మిగిలేది మనుషులు చెప్పే మాటలే. ఆ మాటల్లోంచి గదిని మళ్లీ లేపి నిలబెట్టాలి. ఆ పని నాకు నేర్పింది ఒక ఇంగ్లీషు దొర. నేర్పిన చోటు కువైట్‌లోని ఫింటాస్. కాలం సద్దాం సైన్యం కువైట్‌ని మింగిన కాలం.

లాథమ్ సారు

అప్పట్లో నేను కువైట్‌లో ఒక ఇంజనీరింగ్ కన్సల్టెంట్ల ఆఫీసులో పనిచేసేవాణ్ణి. డ్రాయింగ్ విభాగానికి పెద్ద లాథమ్ సారు. ఆరడుగులు దాటిన మనిషి, ఎర్రటి ముఖం, కొంచెం బొజ్జ, ముక్కు మీద కోపం. డ్రాయింగ్ నచ్చకపోతే చెప్పేవాడు కాదు, చుట్ట చుట్టి గది ఆ మూలకి విసిరేవాడు. ఇలాంటి పెద్దల కింద పని చేయడం ఎవరికీ సరదా కాదు. పని వచ్చిన పెద్ద అరిస్తే ఓర్చుకోండి, పని రాని పెద్ద నవ్వుతూ మాట్లాడితే జాగ్రత్తగా ఉండండి. ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

ఒకసారి ఒక చిన్న క్లినిక్ ప్లానులో మరుగుదొడ్డి తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కి తగిలేలా గీశాను. అది ఆయన కంట పడింది. ఈసారి విసరలేదు. సుద్దముక్క తీసుకుని నన్ను కార్ల షెడ్డులోకి నడిపించుకుపోయాడు. నేల మీద నా మరుగుదొడ్డిని అసలు సైజులో గీసి, "లోపలికి వెళ్లు సుబ్బరాయుడూ, తలుపు వేసుకుని కూర్చో" అన్నాడు. ఆఫీసంతా కిటికీల్లోంచి చూస్తుండగా నేను ఆ సుద్దగీతల మధ్య గొంతుక్కూర్చున్నాను. లేని తలుపు వెయ్యబోతే ఉన్న మోకాళ్లు అడ్డమొచ్చాయి. ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. కానీ ఆ తర్వాత నా జీవితంలో ఏ తలుపునీ ఊరికే గీయలేదు.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. విక్టోరియా మహారాణి కాలంలో లండన్‌లో జరిగిన ఒక హత్య. దాని గురించిన పాత పత్రికల నకళ్లు ఒక కట్టగా కట్టి దగ్గర పెట్టుకునేవాడు. హత్య జరిగిన ఇల్లు కూల్చేసి ఎన్నో ఏళ్లయింది, ప్లానంటూ లేదు. సాక్షులు కోర్టులో చెప్పిన మాటల్ని బట్టి ఆ గదిని మళ్లీ గీయాలని ఆయన పట్టుదల. టీ సమయంలో ఎవరు దొరికితే వాళ్లకి ఆ గది గురించి చెప్పేవాడు. మేమంతా టీ తొందరగా తాగేసేవాళ్లం.

ఉల్లిపాయల సంచుల కింద వచ్చిన మనిషి

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఆఫీసు మూతపడింది. ఫింటాస్‌లో నాతో కలిసి ఉండేవాళ్లు సెలవు మీద ఊళ్లకి పోయి ఉన్నారు, ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే మిగిలాను. కొన్నాళ్లకి మా రాయచోటి ఓబులేసు వచ్చాడు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. అతని వెనకే ఆ ఇంట్లోనే వంటపని చేసే రత్నమ్మక్క వచ్చింది. భీమవరం దగ్గరి మనిషి, నాకన్నా పెద్దది, మెడలో సిలువ, నోట్లో ఎప్పుడూ ఒక ప్రార్థనో ఒక విసురో ఉండేది. వాళ్ల యజమానులు వేసవికని విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. సైనికులు ఇంట్లో పడి పరుపులతో సహా ఎత్తుకుపోయారట.

"మామా బంగారంలాంటి కర్టెన్లు కుట్టించుకుందండీ. ఆటిని కూడా పీక్కుపోయారు, ఎదవలు" అని రత్నమ్మక్క ఏడ్చింది. అక్కడ ఇంటి యజమానురాల్ని మామా అంటారు. తన జీతం గురించి ఒక్క మాట అనలేదు.

రెండోసారి ఓబులేసు కారు తీసుకొచ్చినప్పుడు డిక్కీలో ఉల్లిపాయల సంచులున్నాయి. వాటి కింద లాథమ్ సారు ఉన్నాడు. ఆయన ఇల్లు కూడా సల్వాలోనే, ఓబులేసు పనిచేసే ఇంటి వెనక వీధి. ఇంగ్లీషువాళ్లనీ అమెరికావాళ్లనీ వెతికి పట్టుకుని, బాంబులు పడే చోట కవచాలుగా పెట్టడానికి ఇరాక్ తీసుకుపోతున్నారు. ఆ వీధిలో వెతుకులాట మొదలవగానే ఈయన వెనక గోడ దూకి ఓబులేసుకి కనిపించాడు. నా పేరు చెప్పి, నా దగ్గరికి చేర్చమన్నాడట. గోడ దూకేటప్పుడు తనతో తెచ్చుకున్నది ఒక్కటే, ఆ హత్య కాగితాల కట్ట. పాస్‌పోర్టు కూడా ఇంట్లో మర్చిపోయాడు.

ఆయన్ని స్నానానికి పంపించి ముగ్గురం వంటగదిలో నిలబడ్డాం.

"అన్నా, దొరల్ని దాచిపెట్టినోళ్లను కాల్చేస్తామని రేడియోలో చెప్తాండారు" అన్నాడు ఓబులేసు.

"అయితే యాడ పెడదామంటావు?"

"యాడా వద్దు, ఈడనే పెడదాం. తెలిసే చెప్తాండా. నువ్వు తర్వాత నాకు తెలీదనకూడదని చెప్తాండా."

రత్నమ్మక్క మా ఇద్దరి వైపూ చిరాగ్గా చూసింది. "ఏంటండీ ఈ పంచాయితీ? నీళ్లోసుకుంటున్న మడిసిని రోడ్డు మీదకి తోసేత్తామా? ఆయనకి కారం ఎంత తగ్గించాలో అది సెప్పండి ముందు."

ఆ తర్వాత మనవాళ్లు గుంపులు గుంపులుగా బస్సులెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయి, అక్కణ్నుంచి విమానాల్లో ఇండియా చేరుకున్నారు. మాకు కూడా చోటు దొరికేది. మేం వెళ్లిపోతే లాథమ్ సారుకి తిండి పెట్టేవాళ్లుండరు, ఎవరైనా తలుపు తడితే పలికేవాళ్లుండరు. పట్టుబడితే ఆయన బతుకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ముగ్గురం ఉండిపోయాం. నాకు భయం లేదని చెప్పను. లిఫ్ట్ చప్పుడైతే చాలు, వెళ్లి తలుపు గడియ మళ్లీ చూసుకునేవాణ్ణి.

తొట్టీ పరుపూ అట్టపెట్టే

లాథమ్ సారు కర్టెన్లు దించిన హాల్లో పొద్దస్తమానం అటూ ఇటూ తిరిగేవాడు. కిటికీ దగ్గరికి పోకూడదు, గట్టిగా దగ్గకూడదు, బూట్లు వేసుకోకూడదు. అంత పెద్ద మనిషి నాలుగు రోజులకే ముఖం వేలాడేశాడు. ఏదో ఒక పని పెట్టకపోతే ఈయన దక్కడనిపించి, "సార్, ఆ లండన్ గది చెప్పండి" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒకరు తనంతట తాను అడిగారు. ఆయన కళ్లు మెరిశాయి.

ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెబుతూ పోయాను. ఒక అద్దె గదుల ఇల్లు. పై అంతస్తులో గడియారాలు బాగుచేసే ముసలాయన. ఒక చలికాలం తెల్లవారుజామున అతని మంచంలోనే ఎవరో చంపేసి పోయారు. ఆ ఇంట్లో ఆనీ అనే పనిపిల్ల ఉండేది. తెల్లవారగానే బొగ్గుల బకెట్ తీసుకుని ఆ గదిలోకి వెళ్లింది, పొయ్యి రాజేసింది, తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది. నాకేమీ కనిపించలేదంది. డాక్టరేమో అప్పటికే ముసలాయన ప్రాణం పోయి ఉందన్నాడు. అంత చిన్న గదిలోకి వెళ్లి మంచం మీద నెత్తుటి మనిషిని చూడకుండా ఎలా ఉంటావని లాయరు నిలదీశాడు. ఆమె అబద్ధమాడుతోందని, హంతకుణ్ణి లోపలికి రానిచ్చింది కూడా ఆమేనని జ్యూరీ తేల్చింది. ఆమెని జైల్లో వేశారు. హంతకుడు దొరకనే లేదు.

"ఆ పిల్ల అబద్ధం ఆడలేదండీ" అంది రత్నమ్మక్క.

"ఆధారం?" అన్నాడు లాథమ్ సారు.

"ఇంట్లో చెంచా పోయినా ముందు మమ్మల్నే అడుగుతారండీ. చూసుంటే ఆ పిల్ల కెవ్వున అరిచేది. చూసి కూడా పొయ్యి రాజేసే గుండె పనోళ్లకి ఉండదు."

ఆయన తల ఊపి, "ఇది ఆధారం కాదు. కానీ నేనూ అదే నమ్ముతున్నాను" అన్నాడు.

హాల్లో ఆ గదిని అసలు సైజులో వేశాం. గోడలకి గుర్తుగా చీరల అంచులు పరుద్దామంటే, నా చీరలు చింపకండని రత్నమ్మక్క మొత్తుకుంది, చివరికి ప్లాస్టర్ టేపుతో గోడలు గీశాం. సాక్షుల మాటల ప్రకారం గదికి గుమ్మం ఎడమ గోడకి దగ్గరగా ఉంది. పొయ్యి ఎడమ గోడలో. మంచం గుమ్మం ఉన్న గోడకే ఆనించి, గుమ్మానికి కుడి పక్కన. బట్టలుతికే తొట్టి బోర్లించి పొయ్యి అన్నాం. పరుపు మంచమైంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి తలుపు రెక్క చేశాం. దాన్ని నిలబెట్టడానికి ఏమీ లేదు కాబట్టి, మడతబందుల బదులు ఓబులేసు నిలబడి ఒక అంచు పట్టుకునేవాడు. లాథమ్ సారు పరుపు మీద చచ్చిపోయి పడుకునేవాడు. రత్నమ్మక్క బకెట్ పట్టుకుని ఆనీలా లోపలికి వచ్చేది.

"కనిపిస్తున్నారండీ. బొజ్జతో సహా కనిపిస్తున్నారు."

ఎన్నిసార్లు చేసినా అంతే. మెల్లగా రమ్మన్నాం, గబగబా రమ్మన్నాం, తల వంచుకుని రమ్మన్నాం. ఎలా వచ్చినా కుడి పక్కన పరుపు మీద దొర కనిపిస్తూనే ఉన్నాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముసలాయనకి దగ్గు, మెట్ల మీది చలిగాలి అస్సలు పడదని ఆ గదులు అద్దెకిచ్చే ఇంటావిడ కోర్టులో చెప్పింది. మరి గాలి పడనివాడు గుమ్మం పక్కనే మంచం ఎందుకు వేయించుకుంటాడు? ఇంటావిడకి మతి తప్పిందని పత్రికలవాళ్లు రాశారు. లాథమ్ సారు కూడా ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఓబులేసుకి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. చెప్పకుండా గుమ్మానికి ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మారి, అట్ట కుడి అంచు పట్టుకున్నాడు. రత్నమ్మక్క బకెట్‌తో అట్టని తోసుకుని వచ్చింది, తొట్టి దగ్గర వంగింది, లేచింది, చుట్టూ చూసింది.

"దొరగారేరీ?"

"ఇక్కడే ఉన్నాను!" అని పరుపు మీంచి కేక. పక్క ఫ్లాట్ వినకుండా నేను ఆయన నోరు మూశాను.

అప్పుడు చూశాం. ఇన్ని రోజులూ నేను అట్టని ఎడమ గోడ వైపు తెరుచుకునేలా పెట్టించాను. ఏ డ్రాఫ్ట్స్‌మన్ అయినా అలాగే పెడతాడు, దగ్గరి గోడకి ఆనేలా. నేను చదువుకున్నదీ, గీస్తున్నదీ అదే. ఓబులేసు చెయ్యి మారేసరికి తలుపు కుడి వైపుకి తెరుచుకుని, మంచానికీ మనిషికీ మధ్య పరదాలా నిలబడింది. గాలీ మంచం మీదకి పోదు, చూపూ పోదు. ఆనీ నేరుగా ఎడమ పక్క పొయ్యి దగ్గరికి వెళ్లింది, మంచం తలుపు వెనక ఉండిపోయింది.

లాథమ్ సారు పరుపు మీదే కూర్చుని తల పట్టుకున్నాడు. "మా అమ్మమ్మగారింట్లో అన్ని తలుపులూ ఇలాగే ఉండేవి. ఎవరైనా లోపలికి వస్తే మంచం మీదివాళ్లు కనపడకూడదని, చలిగాలి తగలకూడదని అలా పెట్టేవాళ్లు. చిన్నప్పుడు ఆ తలుపులు చుట్టి రావాలంటే నాకు విసుగు. ఇరవయ్యేళ్లుగా ఈ గది గీస్తున్నాను, నాకెందుకు తట్టలేదు?"

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రత్నమ్మక్క బకెట్ కింద పెట్టి, "నేను ముందే చెప్పాను కదండీ ఆ పిల్ల అబద్ధం ఆడలేదని" అంది. ఆ సాయంత్రం ఆమె ఉన్న పంచదారంతా పోసి హల్వా చేసింది. ఎవరో తెలియని లండన్ పిల్ల గెలిచినందుకు నలుగురం పండగ చేసుకున్నాం. నాకు అంత సంతోషం ఎందుకో అప్పుడు తెలియలేదు. రోజూ ఓడిపోతున్నట్టు బతికేవాళ్లకి ఒక గెలుపు చాలా అవసరం.

తలుపు మార్చాం

కొన్నాళ్లకి పక్క భవనంలో సోదా జరిగింది. ఒక ఇంగ్లీషు దంపతుల్ని పట్టుకుపోయారు. తర్వాత మా వంతేనని అర్థమైంది.

మా ఫ్లాట్ వెనక గదిలో, గుమ్మానికి కుడి పక్కనే, అదే గోడలో చిన్న స్టోరు ఉండేది. బియ్యం బస్తాలు పెట్టుకునేంత. మోకాళ్లు ముడుచుకుంటే లాథమ్ సారు పడతాడు. కానీ దానికొక తలుపుంది, తలుపున్న చోట సైనికుడు తన్నకుండా పోడు. నేను ఆ గదిలో నిలబడి గుమ్మాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఓబులేసు చెయ్యి మార్చుకోవడం గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్లి టేపు తెచ్చాను. గది తలుపు రెక్క స్టోరు సందు కన్నా వెడల్పు. మడతబందులు ఎడమ నుంచి కుడికి మారిస్తే, తలుపు పూర్తిగా వెనక్కి తెరుచుకుని గోడకి ఆనుతుంది, స్టోరు దాని వెనక ఉండిపోతుంది. గోడకి ఆనిన తలుపు వెనక గోడే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

స్టోరు తలుపునీ దాని చట్రాన్నీ పీకి పరుపుల కింద పెట్టాం. గది తలుపు ఊడదీసి మడతబందులు ఈ పక్కకి మార్చాం. పాత గుంటల్లో సబ్బు కూరి సున్నం పూశాం. లాథమ్ సారు గోడకి ఆనుకుని కూర్చుని మాకు సూచనలిచ్చాడు. ఆఫీసులో విసిరినట్టే ఒకసారి స్క్రూడ్రైవర్ విసిరాడు కూడా. అది చూసి నాకు ధైర్యం వచ్చింది, మనిషి మళ్లీ మామూలయ్యాడని. తలుపు లోపలి గుబ్బ ఇప్పుడు స్టోరు వైపుకే ఉంటుంది. ఆయన లోపల కూర్చుని దాన్ని పట్టుకుంటే బయటివాళ్లు లాగినా తేలిగ్గా కదలదు.

చివరి మెరుగు రత్నమ్మక్కది. ఆ తలుపు మీద తాడు కట్టి తన తడి లంగాలూ జాకెట్లూ ఆరేసింది.

"ఇదేందక్కా, దర్వాజా మీదనా?" అన్నాడు ఓబులేసు.

"ఎంత పొగరున్న మగోడైనా పరాయి ఆడమడిసి తడి లంగా ముట్టుకోడు. మీకు తెలీదు, ఊరుకోండి."

సోదా

పట్టపగలు వచ్చారు. భవనం కాపలాదారు, కాపలావాడికి అరబ్బీ మాటైన హారిస్ అనే మేం పిలిచే ఈజిప్టు ముసలాయన, తాళాల గుత్తితో ముందు నడిచాడు. ఎవరింట్లో ఏం వండుకున్నారో చెప్పగలిగేంత ఆరా అతనికి. మేం చాలా భయపడింది అతని గురించే. అతని వెనక ముగ్గురు సైనికులు, ఒక కుర్ర ఆఫీసరు. లిఫ్ట్ చప్పుడుకే లాథమ్ సారు స్టోరులో దూరాడు.

ఓబులేసు అరబ్బీలో మాట్లాడాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ననీ, ఆవిడ మా అక్క అనీ, కువైట్‌లో ఉండటానికిచ్చిన ఇఖామా కార్డులు ఇవిగో అనీ చూపించాడు. హారిస్ కూడా తల ఊపి, "హునూద్, హునూద్" అన్నాడు, ఇండియావాళ్లేనని. సైనికులు బీరువాలు తెరిచారు, మంచాల కింద చూశారు, ఫ్యాను పట్టుకున్నారు, మిగిలిన టీ పొడి పట్టుకున్నారు. వెనక గదిలోకి వెళ్లారు. ఒకడు కిటికీ తెర లాగాడు. ఇంకొకడు గుమ్మం పక్కన తలుపు వైపు చెయ్యి చాచాడు.

రత్నమ్మక్క వాడికీ తలుపుకీ మధ్య నిలబడి రెండు చేతులూ చాచింది. "ఛీ ఛీ! సిగ్గులేదురా నీకు? ఆడోళ్ల బట్టలు ముట్టుకుంటావా? అమ్మా అక్కా లేరా?" అంది తెలుగులోనే. వాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ తడి లంగా, ఆమె గొంతూ చాలు. ముఖం ఎర్రబడి వెనక్కి తగ్గాడు. మిగతావాళ్లు వాణ్ణి చూసి నవ్వారు.

ఆ నవ్వు ఆగేలోపు నా చూపు ఇంకోవైపు పడింది. ఆ గదిలోనే, కిటికీ దగ్గర బల్ల మీద, తలుపు మార్చి కొత్తగా గీసిన లండన్ గది ప్లాను పరిచి ఉంది. దాచడం మర్చిపోయాం. ఇంగ్లీషు అక్షరాలు, మంచం, పొయ్యి, శవం ఉన్న చోట ఇంటూ గుర్తు. ఆఫీసరు దాన్ని ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు ఇంగ్లీషులో.

"నా పని సార్. ఆఫీసు మూసేశారు. చెయ్యి మర్చిపోకుండా గీసుకుంటున్నాను."

అతను చాలాసేపు చూశాడు. ఆ ఇంటూ గుర్తు గురించి అడిగితే ఏ అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. అతను దాని గురించి అడగలేదు.

"నేను బస్రాలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను" అన్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి బల్ల మీద వంగాడు. "నీ తలుపు తప్పు. మంచం మీదకి ఎవరైనా తెరుస్తారా? ఎప్పుడూ దగ్గరి గోడకే ఆనాలి." చక్కగా ఒక వంపు గీసి, నా తలుపుని ఎడమ గోడకి తిప్పేశాడు. అతని వెనక, మూడడుగుల దూరంలో, అలాగే తప్పుగా తెరిచిన తలుపు వెనక, ఒక ఇంగ్లీషు దొర గుబ్బ పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"అవును సార్, తప్పే. దిద్దుకుంటాను" అన్నాను.

"జాగ్రత్తగా పనిచెయ్యి" అని నా భుజం తట్టాడు. "యల్లా" అని సైనికుల్ని పిలుచుకుని పోయాడు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. అతను తెలివితక్కువవాడు కాదు, మంచి విద్యార్థి. కళ్లకి నేర్పిన పాఠం కాగితం మీద పనిచేసింది, గదిలో పనిచేయలేదు. కాగితం చూసేవాళ్లు గదిని చూడరు. ఈ పనిలో పైకి వచ్చినవాళ్లలో కూడా చాలామందికి ఉన్న జబ్బు ఇదే. నేను వకీళ్ల కోసం గీసిన ప్రతి ప్లానుకీ ముందు నేల మీద సుద్దగీతలు గీసి, ఇంట్లోవాళ్ల చేతనో దారిన పోయేవాళ్ల చేతనో నడిపించి చూసింది అందుకే. మా ఆవిడ ఎన్ని హత్యలు చేసిందో, ఎన్నిసార్లు చచ్చిపోయిందో లెక్కలేదు.

సైనికుల అడుగుల చప్పుడు కిందికి పోయేదాకా మేం కదల్లేదు. తలుపు నెమ్మదిగా ముందుకి తెరుచుకుని లాథమ్ సారు పాకుతూ బయటికొచ్చాడు. జుట్టు మీద రత్నమ్మక్క లంగా ఒకటి. ఆయన మొదట చెప్పేది థాంక్స్ అనుకున్నాను.

"తలుపు తప్పన్నాడా వాడు?" అన్నాడు కోపంగా. "ఇంకో నిమిషం ఉంటే బయటికొచ్చి వాదించేవాణ్ణి!"

ఓబులేసు నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. రత్నమ్మక్క ఏడుస్తూ నవ్వింది, ప్రభువుని పిలుస్తూ నవ్వింది. ఎవరికీ వినపడకూడదని చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ గదిలో నలుగురం చాలాసేపు నవ్వాం.

మెట్ల మీద

డిసెంబరులో విదేశీయులందర్నీ వదిలేస్తున్నామని ప్రకటించారు. లాథమ్ సారు నమ్మలేదు. మేమూ నమ్మలేదు. ఓబులేసు రెండుసార్లు వెళ్లి కనుక్కుని వచ్చాడు. నిజమే, ఇంగ్లీషువాళ్లు బయటికొచ్చి బస్సులెక్కుతున్నారు, పాస్‌పోర్టు లేనివాళ్లకి కూడా కాగితాలిచ్చి పంపుతున్నారు.

లాథమ్ సారు గడ్డం గీసుకున్నాడు. నా చొక్కా ఆయనకి పట్టదు కాబట్టి, రత్నమ్మక్క ఆయన పాత చొక్కానే ఉతికి ఇస్త్రీ చేసింది. బూట్లు వేసుకున్నాడు. ఇన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో బూట్ల చప్పుడు వినడం నాకెంత బాగుందో చెప్పలేను. లిఫ్ట్ ఉంది సార్ అన్నాను. వద్దు, మెట్ల మీంచి నడుస్తానన్నాడు.

నడిచాడు. ప్రతి అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. పాలస్తీనావాళ్లు, పాకిస్తానీలు, కేరళవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బయటికొచ్చి నోరు తెరుచుకుని చూశారు. ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు మిగతావాళ్లు అందుకున్నారు. ఆయన ముందు, ఓబులేసు సంచి పట్టుకుని వెనక, నేను, రత్నమ్మక్క. మా నలుగురికీ పెళ్లి ఊరేగింపు జరుగుతున్నట్టుంది. నా ఛాతీ అంత వెడల్పుగా ఎప్పుడూ లేదు.

కింద మొదటి మెట్టు దగ్గర హారిస్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆరడుగుల ఇంగ్లీషు దొర తన భవనంలోంచి దిగి రావడం చూసి లేచి నిలబడ్డాడు. ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు పోయారో అన్నీ తెలిసినవాడికి ఈ ఒక్కటి తెలియలేదు. లాథమ్ సారుని చూశాడు, నన్ను చూశాడు, చివరికి రత్నమ్మక్కని అడిగాడు, ఈయనెప్పుడొచ్చాడని.

"ఆగస్టులోనండీ" అంది రత్నమ్మక్క తెలుగులో, కొంగు భుజం మీద సర్దుకుంటూ, హారిస్‌ని దాటుకుని ఎండలోకి నడుస్తూ.